బస్సెక్కని ఒట్టు

మా అమ్మాయి వేమగల్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. పోయిన శనివారం ఇంటికొచ్చి హాలంతా సామాన్లు పరిచి కూర్చుంది. స్నేహితులతో కలిసి చిక్కమగళూరు కొండల్లో రెండు రోజులు నడవడానికి పోతోందంట. వీపుకు తగిలించుకునే బ్యాగు ఒకటి, దానికి లెక్కలేనన్ని జేబులు. మడిచిపెట్టుకునే చేతికర్రలు, గొట్టంతో నీళ్ళు పీల్చుకునే సంచి, జలగలు పట్టకుండా మోకాళ్ళదాకా తొడుక్కునే మేజోళ్ళు, బాదం జీడిపప్పు పొట్లాలు. నేను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని తిప్పితిప్పి చూస్తా ఉంటే, "అప్పా, నువ్వెప్పుడైనా ట్రెక్కింగ్ చేసినావా?" అని అడిగింది. "ఒకసారి చేసినాను, కేజీఎఫ్ నించి లక్కూరికి" అన్నాను. "ఓ, తాతతో పోయినదా! అదెట్లా ట్రెక్కింగ్ అవుతాదప్పా, ఆ దారికి బస్సుంది కదా!" అని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వినాను. బస్సు ఉంది. చిక్కంతా ఆ బస్సుతోనే వచ్చింది.

తాత అంటే మా మామ, మా ఆవిడ నాయన. బంగారు గనిలో ముప్పైరెండేళ్ళు భూమి కింద పనిచేసిన మనిషి. ఆ మిషన్ల రొదలో మాట్లాడితే పక్కనోడికి కూడా వినబడదు కాబట్టి, మాటలు వృథా చేయకూడదని అక్కడే నేర్చుకున్నాడేమో, పైకొచ్చినాక కూడా అదే అలవాటు. మా అత్త పోయినప్పటినించి మా ఇంట్లోనే ఉంటున్నాడు. అయినా నేను హాల్లోకి పోతే పేపరు నాకిచ్చి ఆయన లేచిపోయేవాడు, ఆయన వస్తే టీవీ రిమోటు ఆయనకిచ్చి నేను లేచిపోయేవాణ్ణి. ఆ నడక ఆరేళ్ళ కిందటి మాట, అప్పటికి నేను ఆ ఇంటి అల్లుడినై ఇరవైఏడేళ్ళు. ఆ ఇరవైఏడేళ్ళలో మా మధ్య జరిగిన మాటలన్నీ రాస్తే ఒక పోస్టుకార్డులో పట్టి, ఇంకా అడ్రసు రాయడానికి చోటు మిగులుతుంది. కోపం ఏమీ లేదు. మర్యాద. మామా అల్లుళ్ళ మధ్య మర్యాద ఎక్కువైతే అది గోడ అవుతుంది, కాని గోడ కట్టింది ఎవరో ఎవరికీ గుర్తుండదు.

ఆయనకు లక్కూరులో ఒక తమ్ముడు. మాకు చిన్నమామ. రాగి చేను, రెండు ఆవులు, కొంచెం మామిడితోట పెట్టుకుని ఊర్లోనే ఉండిపోయినాడు. వాళ్ళమ్మ కూడా ఆయన దగ్గరే ఉండేది. మా నడకకి ముప్పై ఏళ్ళ ముందు ఆమె పోయినప్పుడు, మామ బస్సులు మారి లక్కూరు చేరేటప్పటికి దహనం అయిపోయి చితి ఆరిపోతా ఉందంట. అందరి ముందరా తమ్ముణ్ణి పట్టుకుని, "బస్సు కోసం రెండు గంటలు నేను కాచుకున్నాను, నాకోసం రెండు గంటలు నువ్వు కాచుకోలేకపోయినావా? ఇంగ ఈ జన్మలో బస్సెక్కి నీ గడపకి వస్తే ఒట్టు!" అనేసి, ఆ కాలితోనే వెనక్కి వచ్చేసినాడు. మళ్ళీ పోలేదు. అన్నదమ్ములిద్దరూ పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఒకరు వడ్డన చూసుకునేదానికి పోయేవారు, ఇంకొకరు చెయ్యి కడుక్కునేదానికి పోయేవారు. ఆడవాళ్ళు మాత్రం ఆ ముప్పై ఏళ్ళూ గుట్టుగా ఒకరికొకరు చీరలూ ఊరగాయలూ పంపుకుంటానే ఉన్నారు, ఫోన్లు వచ్చినాక ఫోన్లు చేసుకుంటానే ఉన్నారు. మగవాళ్ళ పంతాల కింద ఎప్పుడూ ఇట్లాంటి సొరంగం ఒకటి ఉంటుంది.

ఆ సొరంగంలోనించే కబురు వచ్చింది. చిన్నమామకి పక్షవాతం లాగా వచ్చి, ఆస్పత్రిలో పది రోజులుండి, ఇంటికి వచ్చినాడు. ఎడమకాలు ఈడ్చుకుంటా నడుస్తున్నాడు. మా ఆవిడ ఆ మాట టిఫిను పెడతా పెడతా గోడకి చెప్పినట్టు చెప్పింది. మామ దోసె ముగించి, చెయ్యి కడుక్కుని, "రేపు లక్కూరికి పోతాను" అన్నాడు. ఆవిడ సంతోషంతో, "బంగారుపేట బస్సు ఏడుంబావుకి నాయనా" అంది. "బస్సెట్లా ఎక్కుతానమ్మా? ఒట్టు పెట్టుకున్నాను కదా. నడిచి పోతాను." డెబ్బైనాలుగేళ్ళ మనిషి! ఆవిడ లాయరు మాదిరిగా వాదించింది. రైలుంది కదా, రైలు బస్సు కాదు కదా అంది. "మాలూరు టేషన్ నించి లక్కూరికి ఏమెక్కాల?" "ఆటో." ఆయన కాసేపు న్యాయంగా ఆలోచించి, "ఒట్టు పెట్టినప్పుడు ఆటోలు లేవమ్మా. ఉండుంటే వాటినీ కలిపి చెప్పుండేవాణ్ణి" అన్నాడు. ఇంగ దానికి అప్పీలు లేదు.

అట్లా నేను కాపలాగా బయలుదేరినాను. బంగారుపేటలో ఒక ఆఫీసులో గుమాస్తాను, ఎట్లా అయినా మురిగిపోయే సెలవులు కొన్ని ఉన్నాయి. మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి, "ఒక పూట నడిస్తే ఆయనే అలిసిపోతాడు, ఏదో ఒకటి చెప్పి బండెక్కించేయండి" అని రహస్యంగా ఒప్పజెప్పింది. నేను కొత్త బూట్లు కొన్నాను. బ్యాగులో మూడు జతల బట్టలు, గొడుగు, మందులు, రెండు ఛార్జర్లు. మామ ఒక గుడ్డసంచిలో పంచె, తువ్వాలు, పాత రబ్బరు చెప్పుల జత ఒకటి, బొరుగులు, వేయించిన చెనిక్కాయలు, ఒక నీళ్ళ బాటిలు. నా బ్యాగు వైపు చూసి ఏమీ అనలేదు. ఏమైనా అనుంటే బాగుండేది.

రాగి కోతలు అయిపోయిన రోజులు. తెల్లారి మంచులో సైనైడ్ గుట్టలు దాటినాము. గని రాళ్ళు పిండి చేసి బంగారం తీసుకోగా మిగిలిన ఆ మట్టిగుట్టలు మా ఊరికి కొండలు, ఆ పొద్దు ఎవరో దుప్పటి కప్పినట్టు ఉన్నాయి. నేను హుషారుగా ముందు పోతా ఉంటే వెనకనించి, "మెల్లిగా పో అప్పా. మొదటి గంట ఎట్లా నడిస్తే చివరి గంట అట్లానే నడవగలిగేటట్టు పోవాల. గనిలో దిగేవాడు ఉరకడు" అన్నాడు. ఒక్క ఊపులో అన్ని మాటలు ఆయన నోటినించి విని నేను ఆగిపోయినాను. ఆయన ఆగకుండా నన్ను దాటి పోయినాడు. ఇంగ ఆ రోజంతా నేను వెనకే. పదకొండు కాకముందే, ఇంకా ఎంత దూరమని ఎదురొచ్చిన సైకిలాయన్ని అడిగినాను. మామ మందలించినాడు. "దూరం అడగొద్దు. అడిగితే పెరుగుతాది. నీళ్ళు యాడ దొరుకుతాయో అడుగు." అప్పటినించి అట్లానే అడిగినాను. దూరం అడిగితే మనుషులు చెయ్యి చూపించి పోతారు, నీళ్ళడిగితే నిలబడతారు, మీది ఏ ఊరంటారు, ఒక్కోసారి మజ్జిగ తెస్తారు. ఇరవై ఏళ్ళకు పైగా అదే దారిలో రోజూ రైల్లో ఆఫీసుకి పోయి వచ్చినవాణ్ణి, అక్కడ చింతతోపు ఒకటి ఉందని గాని, ఆ తోపు పక్క బావినీళ్ళు అంత తియ్యగా ఉంటాయని గాని నాకు తెలియదు. మామకైతే అన్నీ వింతే. ఒక గట్టు మీద కూర్చుని చుట్టూ చూసి, "ఈ జిల్లాను నేను కిందనించే చూసినానప్పా. పైన ఇంత బాగుండాదని ఎవురూ చెప్పలేదు" అన్నాడు.

మొదటి సాయంత్రం బంగారుపేటలో నా ఆఫీసు స్నేహితుడి ఇంట్లో పడుకున్నాము. రెండో పొద్దు లేచేటప్పటికి నా మడమల మీద ఉసిరికాయలంత బొబ్బలు. టేకల్ దారి పట్టినాము. ఆ పక్క ఊర్ల వాళ్ళు రాగి కంకులు తారురోడ్డు మీద పరుస్తారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. మేము పక్కకి తప్పుకుని నడుస్తా ఉంటే ఒకామె, "తొక్కే పోండప్పా, పర్వాలేదు. కాని మీ ఇద్దరితో ఏమి రాలతాది, బస్సు రావాల" అంది. మామ నా వైపు చూసి, "ఈ రాగులు కూడా బస్సు పక్షమే" అన్నాడు. జీవితంలో మొదటిసారి మామ నాతో పరాచికం ఆడినాడు. నేను నవ్వాలనే అనుకున్నాను, కాని కాలు భగ్గుమంటా ఉంది. సరిగ్గా అప్పుడు మాలూరు బస్సు వచ్చింది. నా చెయ్యి దానంతట అదే లేచింది. బస్సు ఆగింది. మామ కోపపడలేదు. "నువ్వెక్కప్పా. నీకేమీ ఒట్టు లేదు కదా. లక్కూరులో కలుస్తాను" అని, అదే నడకతో ముందుకు పోయినాడు. నేను ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రాగుల మీద పెట్టుకుని నిలబడినాను. లోపల ఖాళీ సీట్లు కనబడతా ఉన్నాయి, కిటికీ పక్కవి. ముందర ఆ గుడ్డసంచి మెల్లగా చిన్నదవుతా ఉంది. కండక్టరు విజిలు నోట్లో పెట్టుకుని నా ముఖమే చూస్తా ఉన్నాడు. కాలు దించేసినాను. ఆయన కన్నడలో నన్నేదో అన్నాడు. అది ఇక్కడ రాయను.

కుంటుకుంటా పోయి ఒక మామిడితోట దగ్గర మామను పట్టుకున్నాను. ఆయన నా కోసమే ఆగినట్టు కాకుండా, ఊరికే ఆగినట్టు కూర్చుని ఉన్నాడు. "బూట్లు విప్పు" అన్నాడు. వద్దు మామా, అని కాళ్ళు లాక్కున్నాను. పిల్లనిచ్చిన మామ చేత కాళ్ళు పట్టించుకోవడమేమిటి? ఆయన వినలేదు. తోట బోరు నీళ్ళు తెచ్చి, దుమ్ము పోయేటట్టు మెల్లగా కడిగి, తువ్వాలు అంచు చించి కట్టినాడు. "పెండ్లిలో కడిగినాను కదా ఒకసారి. అప్పుడు పళ్ళెంలో కడిగితి, ఇప్పుడు బాటిలుతో. ఇంగ సిగ్గేముండాది?" అన్నాడు. సంచిలోనించి ఆ పాత రబ్బరు చెప్పులు తీసి నా ముందర పెట్టినాడు. అవి నా కొలతవి. మా ఇంట్లో నేను పారేయమని వాకిట్లో పెట్టినవే. ఆయన నా కొత్త బూట్లు చూసిన రోజే వాటిని తీసి సంచిలో వేసుకున్నాడని అర్థమైంది. కాపలాకి వచ్చింది ఎవరో, కాపాడుతున్నది ఎవరో ఆ తోటలో తేలిపోయింది. బూట్లు ఆ తోట కావలాయనకి ఇచ్చేసినాను. దారిలో ఎవరో ఎత్తుకుపోయినారని మా ఆవిడతో అబద్ధం చెబుదామనుకుని, అదీ కుదరక నిజమే చెప్పినాను.

ఆ సాయంత్రం టేకల్ కొండరాళ్ళు కనబడేచోట ఒక ఊర్లో పట్టుపురుగులు పెంచే వాళ్ళ ఇంట్లో చోటు దొరికింది. పురుగులకి బయటి దుమ్ము పడదని ఆ ఇంటామె ముందు మా ఇద్దరి చేత కాళ్ళూ చేతులూ కడిగించి, ఆ గదికి ఎడంగా పంచలో కూర్చోబెట్టి, సంగటీ ఉలవచారూ పెట్టింది. లోపల పురుగులు మల్బరీ ఆకు కొరికే చప్పుడు, సన్నటి వానలాగా ఆగకుండా వస్తా ఉంది. "నడిచి పోతా ఉండారంటే ఏదో మొక్కే కదా. ఏ దేవుడికి పెద్దాయనా?" అని అడిగింది. మామ సంగటి ముద్ద చేతిలో పట్టుకుని, "తమ్ముడికమ్మా" అన్నాడు. ఆమె ఇంకొంచెం చారు పోసింది.

మూడో రోజు ఆయన ఆ మాట చెప్పినాడు. ముఖాముఖి కూర్చుంటే రాని మాటలు పక్కపక్కన నడుస్తా ఉంటే వస్తాయని నాకు అప్పుడే తెలిసింది, ఇద్దరి కళ్ళూ దారి మీదే ఉంటాయి కదా. ఏ పీఠికా లేకుండా మొదలుపెట్టినాడు. "కబురు నాకు పొద్దున్నే వచ్చిందప్పా." ఏ కబురు అని నేను అడగలేదు. "షిఫ్టుకి దిగేదానికి కేజి కాడ నిలబడుంటి. ఊరినించి మనిషి వచ్చి, అమ్మకి బాగలేదు, వెంటనే రమ్మన్నాడు తమ్ముడు అనె. మా అమ్మ ఏడాదికి మూడుసార్లు అట్లా కబురు పంపిస్తా ఉండె. బాగలేదంటే ఉరుక్కుంటా పోతాను, పోతే కోడిని కోసి వండి కాచుకోనుంటాది. ఇదీ అంతేలే, షిఫ్టు ముగించి పోదామని చెప్పి దిగేస్తి. మళ్ళీ పైకి వచ్చేటప్పటికి..." సంచి ఆ భుజం నించి ఈ భుజానికి మార్చుకున్నాడు. కేజి అంటే గని లోపలికి మనుషుల్ని దించే ఇనపపెట్టె. అందులో ఆయన వేల సార్లు దిగి ఉంటాడు. ఆ ఒక్కసారి దిగింది మాత్రం ముప్పై ఏళ్ళయినా ఇంకా పైకి రాలేదని నాకనిపించింది. "తప్పు నాది. ఎవురిమీదో ఒకరిమీద వేయకపోతే ఆ పొద్దు నేను నిలబడలేకపోయుందును. వాడు ఎదురుగా ఉండె. వాడిమీద వేస్తి." "ఈ మాట చిన్నమామకి చెప్పినారా?" "చెప్పేదానికే కదా పోతా ఉండేది."

నాకూ ఒక గొడవ ఉండింది, ఇక్కడ దాచిపెట్టి లాభం లేదు. మా అమ్మాయి సర్కారు ఉద్యోగం పరీక్షలు రాయనని, నేను వద్దన్నా వినకుండా వేమగల్ ఫ్యాక్టరీలో చేరి నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ నేను దానితో మాట్లాడలేదు. ఇంటికి ఫోను చేస్తే వాళ్ళమ్మకి ఇచ్చి మేడ మీదకి పోయేవాణ్ణి. నాలుగు నెలలు ముప్పై ఏళ్ళు అయ్యేదానికి ఎంతసేపు పడుతుందో ఆ దారిలో నడుస్తా నడుస్తా లెక్క తెలిసింది. మాలూరు చేరినాక టీ అంగడి దగ్గర నిలబడి దానికి ఫోను చేసినాను. "అప్పా? ఏమయింది? తాత బాగుండాడా?" అని భయపడిపోయింది. ఏమీ కాలేదమ్మా, నువ్వు అన్నం తిన్నావా, అన్నాను. ఎంత ఆలోచించినా అంతకన్నా గొప్ప మాట నాకు దొరకలేదు. తిన్నానప్పా, మా క్యాంటీన్లో సాంబారు నీళ్ళు నీళ్ళుగా ఉంటాది, అంది. మామ పక్కకి తిరిగి టీ గ్లాసులోకి చూస్తా ఉన్నాడు. నవ్వుతున్నాడో లేదో నేను చూడలేదు.

నాలుగో పొద్దున మాలూరు నించి లక్కూరి దారి పట్టినాము. మామ ఆ రోజు తెల్లపంచె కట్టుకున్నాడు. రెండుసార్లు ఆగినాడు, అలిసి కాదు. ఒకసారి, వాడు గడప దగ్గరే పొమ్మంటే ఏం చేస్తామప్పా, అని అడిగినాడు. ఆయన నన్నొక సంగతి అడగడం అదే మొదలు. మళ్ళీ నడిచి వెళ్ళిపోదాం మామా, నాకు చెప్పులు బాగా అలవాటైనాయి, అన్నాను. ఊరు ఇంకా కొంత దూరం ఉండగా ఒక మలుపు తిరిగితే, రోడ్డు పక్క, కింద వాననీళ్ళు పోయే మోరీ గట్టు మీద ఎవరో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. చేతికర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, ఎడమకాలు ముందరికి చాచుకుని. మా ఆవిడ సొరంగంలో కబురు పంపించేసిందన్నమాట. ఆయన ఆ కాలితో, ఎవరి మాటా వినకుండా, పొద్దున్నే లేచి అంత దూరం ఎదురు నడిచి వచ్చినాడు. చొక్కా అంతా చెమట.

మామ పోయి ఆయన ముందర నిలబడినాడు. ముప్పై ఏళ్ళ తర్వాత ఏమంటారో అని నేను రెండడుగులు వెనకే ఆగిపోయినాను. చిన్నమామ మెల్లగా తలెత్తి, "ఏమి ఇంత సన్నగైపోయినావు?" అన్నాడు. మాట కొంచెం ముద్దగా వచ్చింది, జబ్బు వల్లనో ఇంకెందువల్లనో. మామ సంచి కింద పెట్టి పక్కన కూర్చున్నాడు. దారంతా తయారుచేసుకున్న మాట ఒక్కసారిగా బయటపెట్టినాడు. "ఆ పొద్దు కబురు నాకు ముందే అందిందిరా. నేనే రాకుండా షిఫ్టుకి దిగినాను." చిన్నమామ కర్ర చివరతో మట్టిలో ఏదో గీస్తా, "నాకు తెలుసన్నా" అన్నాడు. "కబురు తెచ్చినోడు ఆ సాయంత్రం నువ్వు రాకముందే చెప్పె."

"తెలుసా? నలుగుర్లో నేను నిన్ను అంతేసి మాటలంటా ఉంటే, మరి ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తే నువ్వు ఇంగ రానే రావనుకుంటి. తప్పు నాదే అయితే, ఎప్పుడో ఒకనాడు కోపం పోయి వస్తావులే అనుకుంటి."

మామ తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఏదో అర్జెంటు పని ఉన్నట్టు కొంచెం దూరం పోయి ఒక పొలంలోకి చూస్తా నిలబడినాను. ఆ పొలంలో ఏమి వేసినారో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

పాల టెంపో ఒకటి వచ్చి మా పక్కన ఆగింది. డ్రైవరు చిన్నమామని గుర్తుపట్టి, ఎక్కండి పెద్దాయనా, ఊర్లో దింపుతాను అన్నాడు. "ఎక్కన్నా, ఇది బస్సు కాదు కదా" అన్నాడు చిన్నమామ. మామ టెంపోని అటూ ఇటూ చూసి, తమ్ముడి కాలు చూసి, ఇబ్బందిలో పడినాడు. చివరికి చిన్నమామే, "వద్దులేప్పా, నువ్వు పో. మాయన్న నడిచి వచ్చినాడని ఊరంతా చూడాల" అన్నాడు. మిగిలిన ఆ దారికి మాకు గంటన్నర పట్టింది. మామ తమ్ముడి భుజం పట్టుకుని, తమ్ముడు కర్ర పట్టుకుని, పది అడుగులకొకసారి ఆగుతా ముందర నడిచినారు. వెనక రెండు సంచులూ మోస్తా నేను. ఇంకా ఎంత దూరమని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

మామ లక్కూరులో ఇరవై రోజులున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు చిన్నమామే ఆయన్ని బస్సెక్కించినాడంట, ఒట్టు వచ్చేదానికే గాని పోయేదానికి కాదని తీర్పు చెప్పి. ఇప్పుడు మామకి ఎనభై. ఆయనా నేనూ హాల్లో ఒకే పేపరు రెండుగా చించుకుని చదువుకుంటాము. సాయంత్రమైతే అన్నదమ్ములు ఫోన్లో, మధ్యలో ఫోనే లేకపోయినా వినబడేంత గట్టిగా మాట్లాడుకుంటారు. నేను మాత్రం ఆ మొదటి మధ్యాహ్నాన్నే ఎక్కువ తలచుకుంటాను. అన్నాలు తిని ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. ఇంతకాలం దాచిపెట్టుకున్న మాటలేవో బయటపడతాయని నేను చెవులు రిక్కించి ఉంటే, వాళ్ళు ఎర్రావు ఎన్ని పాలిస్తాదని, తూర్పుపక్క మామిడిచెట్టు ఏ గాలికి పడిందని, నిన్ననే ఆపిన మాట అందుకున్నట్టు మాట్లాడుకుంటా పోయినారు. ముప్పై ఏళ్ళు ఎంత పొడుగో ఆ నాలుగు రోజులు నడిచినప్పుడు నాకు తెలిసింది. ఎంత చిన్నవో ఆ అరుగు పక్కన కూర్చుని వింటా ఉంటే తెలిసింది.